ఇనబడుతుంది గానీ సమజైతలేదు!

నకిరేకల్ చుట్టుపక్కల అరవై దాటిన పెద్దమనిషిని ఎవరినైనా కదిపి చూడండి. ‘నాకేం చెవుడు లేదు బిడ్డా, ఇనబడుతుంది గానీ సమజైతలేదు’ అంటారు. ఇంట్లోవాళ్లు నవ్వేసి టీవీ సౌండు ఇంకాస్త పెంచుతారు. వినికిడి ఎక్కడ, ఎలా తగ్గడం మొదలవుతుందో ఆ నాలుగు ముక్కల్లోనే ఉందని ఎవరికీ తట్టదు. చప్పుడు చెవిని చేరడం వేరు, అది మాటై తెలియడం వేరు. ఆ రెంటికీ మధ్య బఠాణీ గింజంత జాగాలో ఏం జరుగుతుంది? దాన్ని మనం ఎలా పాడుచేసుకుంటున్నాం? ఈ వారం ముఖచిత్ర కథనం.

గట్టు మీద పడ్డ దెబ్బ

రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట దాటాక దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. జనం నోట అది పెద్దగట్టు. తెలంగాణలో మేడారం తర్వాత అంత జనం కూడే జాతర ఇదేనని పేరు. ఆ అయిదు రోజులూ హైదరాబాద్–విజయవాడ రహదారిపై వాహనాలను దారి మళ్లించాల్సి వస్తుంది. గజ్జెల లాగులు, భేరీల మోత, ‘ఓ లింగా’ కేకలు కలిస్తేనే గట్టుకు పోయివచ్చినట్టు.

అక్కడైనా, మన ఊరి బోనాల్లోనైనా డప్పు కొట్టేవాళ్లను దగ్గర నుంచి గమనించండి. ముందు గడ్డి మంట వేసి తోలుకు సెగ చూపిస్తారు. తేమ ఆరి తోలు బిగుస్తుంది. మధ్యమధ్య వేలితో కొట్టి చూసి, మొద్దు మోత పోయి ఖంగుమనేదాకా కాస్తారు. అప్పుడు చిర్ర, చిటికెన పుల్ల చేతికి వస్తాయి. దెబ్బ పడగానే తోలు లోపలికీ బయటికీ ఊగుతుంది. బయటికి ఊగినప్పుడు పక్కనున్న గాలి నొక్కుకుంటుంది, లోపలికి పోయినప్పుడు పలచబడుతుంది. గాలి ఉన్నచోటనే ఉంటుంది, ఆ ఒత్తిడి మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో నలుదిక్కులా పాకుతుంది. వంద మీటర్ల దూరంలో నిలబడితే పుల్ల పడటం ముందు కనిపించి, మోత కాస్త ఆగి వినిపించేది అందుకే.

తోలు సెకనుకు ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్‌లు. కుర్ర వయసులో మన చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా అందుతుంది. ఒక్క డప్పు దెబ్బలో ఒకే ఊపు ఉండదు, పదుల కొద్దీ ఊపులు కలగాపులగంగా ఉంటాయి. మృదంగానికి నడుమ కరణి అనే నల్లటి పూత వేయడం వల్ల ఆ ఊపులు ఒక లెక్కలోకి వచ్చి శ్రుతి పలుకుతుందని 1920లో శాస్త్రీయంగా వివరించింది సి.వి.రామన్. ఆయన బాల్యం, బడి చదువు విశాఖపట్నంలోనే గడిచాయి. కరణి లేని డప్పులో ఆ లెక్క కుదరదు. డప్పు మోతలోని బిరుసుదనం, పిలుపు అక్కడి నుంచే వస్తాయి. ఈ కలగాపులగాన్ని విడదీసి దేనికది మెదడుకు అందించడం చెవి బాధ్యత.

బావిలో మునిగితే ఎందుకు వినబడదు?

చెవి డొప్ప పోగుచేసిన గాలి ఒత్తిడి రెండున్నర సెంటీమీటర్ల దారి గుండా పోయి కర్ణభేరిని తాకుతుంది. వినీ వినిపించనంత సన్నని చప్పుడుకు కర్ణభేరి ఎంత కదులుతుందో తెలుసా? ఒక హైడ్రోజన్ పరమాణువు వ్యాసం కన్నా తక్కువ. అంతటి కదలికనూ చెవి పసిగడుతుంది.

ఇక్కడో చిక్కు ఉంది. అసలు వినే కణాలు ఉన్నది ద్రవంలో. గాలిలోని చప్పుడు నీటి మీద పడితే వెయ్యింట ఒక వంతే లోపలికి దిగుతుంది, మిగిలిందంతా వెనక్కి పోతుంది. ఎండాకాలం వ్యవసాయ బావిలో దూకి మునిగిన పిల్లలకు గడ్డ మీద నిలబడి అమ్మ పెట్టే కేకలు వినబడవు. వినబడనట్టు నటిస్తున్నారని అనుకుంటాం గానీ, అందులో సగం భౌతికశాస్త్రమే.

ఈ చిక్కును విప్పేవి మధ్య చెవిలోని మూడు ఎముకలు. బడిపుస్తకాల్లో చదివిన కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి ఇవే. చివరిది పొడవు మూడు మిల్లీమీటర్లు, ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక. కర్ణభేరిలో పనిచేసే వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, కర్ణాంతరాస్థి పాదం మూడు చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. పెద్ద జాగా మీద పడ్డ బలమంతా చిన్న జాగా మీదికి చేరుతుంది. దానికి ఎముకల మీట బలం తోడవుతుంది. మొత్తం మీద ఒత్తిడి ఇరవై రెట్లకు పైగా పెరిగి, నీటి దగ్గర పోవాల్సిన చప్పుడులో చాలా భాగం లోపలికి చేరుతుంది.

ఈ గదికి గొంతు వైపు సన్నని గొట్టం ఒకటి ఉంది. మన్ననూరు మీదుగా నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం పోయేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. గుటక వేయగానే టప్పున తెరుచుకుంటాయి. బయటా లోపలా గాలి ఒత్తిడిని ఆ గొట్టం సమం చేసింది కాబట్టే ఉపశమనం. పసిపిల్లల్లో ఇది పొట్టిగా, వాలు తక్కువగా ఉంటుంది. జలుబు చేస్తే గొంతులోని సూక్ష్మజీవులు తేలిగ్గా చెవికి ఎక్కుతాయి. ‘చెవి కారుతోంది’ అని మనం తేలిగ్గా తీసుకునే జబ్బుకు మూలం చాలాసార్లు ఇదే. వదిలేస్తే అది కర్ణభేరికి చిల్లు పెడుతుంది, ఎముకలను కూడా తినేస్తుంది.

పెద్ద చప్పుడు పడితే కర్ణాంతరాస్థిని వెనక్కి లాగి పట్టే చిన్న కండరం ఒకటుంది. అది బిగుసుకోవడానికి సెకనులో పదో వంతు దాకా పడుతుంది. లక్ష్మీబాంబు అంత వ్యవధి ఇవ్వదు.

రెండున్నర చుట్ల లోపల

ఎముకలు తోసిన తోపు కర్ణావర్తంలోని ద్రవానికి అందుతుంది. రెండున్నర చుట్లు తిరిగిన ఈ గొట్టాన్ని సాపుగా పరిస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. దాని పొడవునా ఒక పొర ఉంటుంది. మొదట్లో సన్నగా బిరుసుగా, చివర్లో వెడల్పుగా మెత్తగా ఉంటుంది. ద్రవం కదలగానే ఆ పొర మీద ఒక అల లేచి ముందుకు సాగుతుంది. సన్నని కీచు మోత అల మొదట్లోనే ఎగసి ఆగిపోతుంది. డప్పు అడుగు మోత లాంటి బొంగురు చప్పుడు చివరి దాకా పోయి అక్కడ ఎగుస్తుంది. ఏ చోట ఎగసిందన్న దాన్ని బట్టి ఏ శ్రుతి అన్నది మెదడుకు తెలుస్తుంది. బుడాపెస్ట్‌లో టెలిఫోన్ల ప్రయోగశాలలో పనిచేస్తూ, మృతదేహాల చెవులను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఈ అలను కళ్లారా చూసినవాడు జార్జ్ ఫాన్ బెకెషీ. 1961లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ పొర మీద వరుస కట్టి ఉంటాయి రోమ కణాలు. 1851లో ఇటలీ శాస్త్రవేత్త అల్ఫాన్సో కోర్తి వర్ణించిన అవయవం ఇదే. లోపలి వరుసలో సుమారు 3,500, వెలుపలి మూడు వరుసల్లో సుమారు 12,000. ఒక్కో కణం నెత్తిన సన్నని నూగు, నూగు కొసలను కలుపుతూ అంతకన్నా సన్నని పోగులు. అల లేచి నూగు ఒక పక్కకు వంగగానే పోగులు బిగుసుకుని కణంలో ద్వారాలు తెరుచుకుంటాయి. పొటాషియం అయాన్లు లోపలికి ఉరుకుతాయి. కణం అడుగున రసాయనం విడుదలై నాడి మేల్కొంటుంది. సుమారు 30,000 నాడీ తంతువులు ఆ వార్తను మెదడుకు మోస్తాయి. డప్పు దెబ్బ విద్యుత్తుగా మారేది ఇక్కడే.

రెండు చెవుల నుంచి వచ్చిన వార్తలను మెదడు పక్కపక్కన పెట్టి చూస్తుంది. కుడి నుంచి వచ్చే చప్పుడు ఎడమ చెవికి అందేసరికి సెకనులో వెయ్యో వంతు కూడా గడవదు. ఆ కాస్త తేడాతోనే లారీ ఏ వైపు నుంచి వస్తోందో తల తిప్పకుండా చెప్పగలం. 65వ నంబరు జాతీయ రహదారి దాటేవాళ్లకు రెండు చెవులూ బాగుండాలి. ఒక చెవి పోయినవాళ్లకు హారన్ వినబడుతుంది, దిక్కు తెలియదు.

చెవి కూడా పలుకుతుంది

బెకెషీ చూసింది మృతుల చెవుల్లో. బతికున్న చెవి అంతకన్నా ఎన్నో రెట్లు చురుకైనది. చెవి చప్పుడును అందుకోవడమే కాక, లోపల తన బలంతో పెంచుతోందని 1948లో థామస్ గోల్డ్ అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ల తర్వాత 1978లో డేవిడ్ కెంప్ చెవి రంధ్రంలో చిన్న మైకు పెట్టి, చప్పుడు వినిపించిన కాసేపటికి చెవిలోంచి సన్నని మోత వెనక్కి రావడం పట్టుకున్నాడు. ఆ బలం వెలుపలి వరుసల రోమ కణాలది. చప్పుడుకు తగ్గట్టు అవి పొట్టిగా, పొడుగ్గా అవుతూ అలకు ఊపునిస్తాయి. దానికి కారణమైన ప్రెస్టిన్ అనే ప్రొటీన్‌ను 2000లో కనిపెట్టారు.

ఈ కణాలు చేసేది రెండు పనులు. సన్నని చప్పుడును పెంచడం ఒకటి, పక్కపక్కనే ఉన్న శ్రుతులను విడదీయడం ఇంకొకటి. మొదట దెబ్బతినేది కూడా ఇవే. పెద్దాయన ‘సమజైతలేదు’ అనే మాటకు మూలం ఇక్కడ దొరుకుతుంది.

హల్లు పోయి అచ్చు మిగిలితే

మన మాటలో అచ్చులకు బలం ఎక్కువ, అవి బొంగురు వైపు ఉంటాయి. స, శ, చ, ట, త, క వంటి హల్లులు పలచన, వాటిని గుర్తుపట్టించే చప్పుడు కీచు వైపు ఉంటుంది. వయసు మీద పడ్డా, మోతలో బతికినా ముందు అరిగేది కర్ణావర్తం మొదట్లోని కీచు వైపే. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి తోక చక్కగా వినబడుతుంది. నడుమ హల్లు జారిపోతే ‘పాట’, ‘పాక’, ‘పాత’ మూడూ ఒకటే. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో సందర్భాన్ని బట్టి నెట్టుకొస్తారు. నిమ్మకాయల మార్కెట్ గోలలో, పెళ్లి పందిట్లో దొరికిపోతారు.

వినబడలేదని మనం గొంతు చించుకుని అరుస్తాం. అరిచినప్పుడు పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలం, కావాల్సిన హల్లులు అక్కడే ఉంటాయి. పైగా వెలుపలి కణాలు పోయిన చెవికి చిన్న చప్పుడు అందదు, పెద్ద చప్పుడు మాత్రం మామూలు చెవికి ఉన్నంత గట్టిగానే మోగుతుంది. మెల్లగా అంటే ‘ఆ?’ అని, గట్టిగా అంటే ‘ఎందుకట్ల అరుస్తవ్’ అని కసురుకునేది అందుకే. ముసలితనపు చిరాకు అనుకుంటాం. ఎదురుగా కూర్చుని, మొహం కనబడేలా, నిదానంగా మాట్లాడితే సగం సమస్య తీరుతుంది.

వినికిడి తగ్గినవాళ్లు మెల్లగా నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం అదుపు చేయగల కారణాల్లో వినికిడి లోపం ముఖ్యమైనదని 2020లో లాన్సెట్ నిపుణుల సంఘం తేల్చింది.

బరాత్ ముందు రెండు నిమిషాలు

చప్పుడును కొలిచే డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. పది పెరిగితే బలం పది రెట్లు. మామూలు మాట 60 డెసిబెల్స్ అనుకుంటే 110 అంటే దానికి లక్ష రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదీ: 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలు ఉండవచ్చు. ఆపైన మూడు పెరిగినప్పుడల్లా వ్యవధి సగానికి తగ్గుతుంది. 90 దగ్గర నాలుగు గంటలు. 100 దగ్గర 20 నిమిషాలు. 110 దగ్గర రెండు మూడు నిమిషాలు, అదీ వారం మొత్తానికి. బరాత్‌లో డీజే బాక్సుల ముందు గంటలకొద్దీ ఎగిరే కుర్రాళ్లు ఎన్ని వారాల కోటా ఒక్క రాత్రిలో ఖర్చుపెడుతున్నారో లెక్క కట్టుకోవచ్చు.

మర్నాడు చెవిలో గుయ్యిమంటుంది, సాయంత్రానికి సర్దుకుంటుంది, మరిచిపోతాం. రోమ కణం బతికి ఉన్నా, దానికీ నాడికీ మధ్య అతుకులు శాశ్వతంగా తెగిపోవచ్చని 2009లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో బయటపడింది. అలాంటి నష్టం మామూలు వినికిడి పరీక్షలో కనబడకుండా దాగి ఉండగలదు.

రైస్ మిల్లు, క్రషర్, హార్వెస్టర్, పక్కసీటులోనే డెక్కు మోగే ట్రాక్టర్... ఇవి రోజువారీ బతుకులు. మన ఫ్యాక్టరీల నిబంధనలు రోజుకు 8 గంటలకు 90 డెసిబెల్స్ దాకా అనుమతిస్తున్నాయి. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ సిఫారసు 85. ఆ అయిదు తేడా కాగితం మీద చిన్నది, బలంలో మూడు రెట్లకు పైనే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో నిబంధన కాగితం మీదే ఉంది.

వాకిట్లో తిరిగే కోడికి రోమ కణాలు చచ్చిపోతే కొన్ని వారాల్లో కొత్తవి మొలుస్తాయి. 1980ల చివర్లో ఈ సంగతి తెలిసినప్పటి నుంచి అదే పని మనిషి చెవిలో చేయించాలని శాస్త్రవేత్తలు కుస్తీ పడుతున్నారు. ఇప్పటికైతే తల్లి కడుపులో వచ్చిన కణాలే మనకు ఆఖరి దాకా.

పుట్టగానే పట్టుకుంటే

కొందరు పిల్లలకు ఆ కణాలు మొదటి నుంచే పనిచేయవు. జన్యు కారణాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిస్తే చెవుడు బయటపడుతుంది. మేనరికాల్లో, దగ్గరి సంబంధాల్లో ఆ కలయికకు అవకాశం పెరుగుతుంది. పెళ్లి మాటలప్పుడు ఆస్తులూ జాతకాలూ చూసే పెద్దలు, రెండు వైపులా పుట్టుచెవుడు ఎవరికైనా ఉందా అని కూడా అడగాలి.

చెవిటి బిడ్డ కూడా మొదట్లో కేరుతుంది, నవ్వుతుంది. అందుకే రెండేళ్లు, మూడేళ్లు వచ్చి మాటలు రాకపోతే గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. ‘వాళ్ల నాయినకు కూడా ఆలస్యంగా వచ్చినయ్ మాటలు’ అని ఇంకో ఏడాది గడుపుతారు. మాట నేర్చే మెదడు అంతకాలం ఆగదు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. కెంప్ కనిపెట్టిన చెవి పలుకే ఇక్కడ అక్కరకొచ్చింది. నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న గొట్టం పెడితే నిమిషాల్లో పని అయిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు.

చెవి మిషన్ చాలనివాళ్లకు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. రోమ కణాలను పక్కన పెట్టి, కర్ణావర్తంలోకి దూర్చిన సన్నని ఎలక్ట్రోడ్లు నేరుగా నాడిని మేల్కొలుపుతాయి. లక్షల ఖర్చయ్యే ఈ శస్త్రచికిత్స 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేద పిల్లలకు అందింది. ఆపరేషన్ అయిన రోజున బిడ్డకు మాట రాదు. చప్పుడును మాటగా పోల్చుకోవడం నెలల తరబడి నేర్పాలి. అక్కడ అమ్మానాన్నల ఓపికదే పెద్ద పాత్ర. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థకు పెట్టింది హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరే. నీటి అడుగు ఆయుధాలపై పనిచేసే విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్, అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో చవకైన దేశీయ ఇంప్లాంట్ తయారీకి పూనుకుంది.

ఇంట్లో ఇలా...

• గులిమి మురికి కాదు, చెవికి రక్షణ. దానంతటదే బయటికి వస్తుంది. పుల్ల, పిన్నీసు, బండి తాళం చెవి పెడితే లోపలికి నెట్టినట్టే.
• చెవిపోటుకు కాచిన నూనె, వెల్లుల్లి రసం పోయవద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే అది నేరుగా మధ్య చెవిలోకి దిగుతుంది.
• ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే అది అత్యవసరం. ఒకటి రెండు రోజుల్లో చెవి వైద్యుడి దగ్గర ఉండాలి. వారం ఆగితే చికిత్సకు లొంగే అవకాశం తగ్గుతుంది.
• కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, ముఖ్యంగా జెంటామైసిన్, అమికాసిన్ రకాలు రోమ కణాలను చంపగలవు. వాడేముందు చెవి సమస్య ఉంటే చెప్పండి.
• ఫోన్ సౌండు అరవై శాతం దాటనివ్వవద్దు. మూడడుగుల దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ జాగా చెవికి మంచిది కాదు.
• మిల్లులో, క్రషర్ దగ్గర పనిచేసేవాళ్లు చెవి బిరడాలు పెట్టుకోవాలి. దూది చాలదు.

కళ్లకు చేసిన పని చెవులకు?

ప్రపంచంలో 150 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉందని, 2050 నాటికి ఆ సంఖ్య 250 కోట్లకు చేరవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెబుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలుపెట్టి ఊరూరా శిబిరాలు వేసింది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పరీక్షలు చేసి, అవసరమైనవాళ్లకు అద్దాలు ఇచ్చింది. చత్వారం అద్దాలు పెట్టుకోవడానికి ఇవాళ ఏ ఊళ్లోనూ ఎవరూ సిగ్గుపడరు.

చెవులకు అలాంటి ఏర్పాటు ఇంతవరకూ లేదు. అది తలకు మించిన పని కూడా కాదు. ఒక ఆడియోమీటర్, మోత చొరబడని ఒక చిన్న గది, శిక్షణ పొందిన ఒక మనిషి ఉంటే చాలు. నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. నార్కట్‌పల్లిలో ప్రైవేటు వైద్య కళాశాల ఉంది. అనుమానం ఉన్నవాళ్లను పంపడానికి నిపుణులు గంట దూరంలోనే ఉన్నారు. లేనిదల్లా కాన్పు వార్డులో పసిబిడ్డ చెవిని, మిల్లులో కార్మికుడి చెవిని, ఇంట్లో పెద్దాయన చెవిని అడిగే అలవాటు.

ఇంకో అడ్డు మనలోనే ఉంది. కళ్లద్దాలకు లేని నామోషీ చెవి మిషన్‌కు అంటగట్టింది మనమే. ‘చెవిటోడు’ అన్న మాట తిట్టుగా చెలామణి అయినంత కాలం పెద్దాయన ‘నాకేం చెవుడు లేదు’ అనే అంటాడు. ఆ తిట్టు మానడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు.